చిగుళ్ల నెత్తురు

గడచిన మాసమున మా దగ్గర చుట్టముల యింట సీమంతమునకై మైపాడు వైపునకు వెళ్లియుంటిమి. నెల్లూరునుండి తూర్పుగా పోవు రోడ్డున వరిమళ్లు ముగిసి రొయ్యల గుంతలు మొదలగుచోట, గాలి యిటు తిరిగినప్పుడెల్ల సముద్రపు హోరు వినవచ్చు పల్లె యది. తెల్లవారుజామున పెరటిలో కొళాయియొద్ద సీమంతపు పిల్ల పండ్లు తోముకొనుచుండెను. ఆమె యుమిసిన నురుగు ఎర్రగా నుండుట మా కంటబడినది. మమ్ము చూడగానే గభాలున చెంబెడు నీళ్లు క్రుమ్మరించి దానిని కడిగివేసినది.

"ఏందమ్మా అది?" అని యడిగితిమి.

"ఏం లేదు పెద్దమ్మా, నాలుగు నెలల నుంచి వస్తానే ఉంది. కడుపుతో ఉంటే అంతేనంట గదా!"

వంటింటిలోనుండి ఆమె తల్లి అందుకొన్నది. "బ్రష్షు వెయ్యొద్దే అంటే వినదక్కా. నీళ్లు పోసుకొని పుక్కిలిస్తే చాలదా? ఉండే రక్తమంతా అట్టా పోగొట్టుకుంటే ఎట్టా?"

అరుగుమీద కూర్చున్న మా పిన్నమ్మ, అనగా ఆ పిల్లకు అమ్మమ్మ, తీరుబడిగా నిట్లనినది: "నాకూ పదేళ్లు వచ్చిందిలే నెత్తురు. తర్వాత దానంతట అదే ఆగిపోయింది." అని నవ్వినది. ఆమెకు 64 ఏండ్లు. ఆ నవ్వులో పైవరుసను మూడు పండ్లు, క్రిందివరుసను రెండు కనబడినవి.

మూడు తరముల ఆడువారు, మూడు మాటలు. ఈ మూడును మేము నెల్లూరుసీమలో ఎన్నియో యిండ్ల వినియున్నాము. బాగుగా చదువుకొన్న యిండ్లలో సైతము వినియున్నాము. బస్సులో తిరిగివచ్చునంతసేపును అవియే చెవిలో మెదలుచుండినవి గాన ఈ మాసపు పుటను వానికే విడిచితిమి.

సోదరీమణులారా, ఒక్క సంగతి తలచి చూడుడు. కత్తిపీటకు వ్రేలు తెగిన ఇల్లంతయు కదలును. పసుపద్దుమని యొకరు, గుడ్డ కట్టుమని యొకరు. అదే వ్రేలినుండి ఏ కత్తియు తగులకయే ప్రతిదినము ఉదయమున నెత్తురు కారుచున్నచో మనము ఊరకుందుమా? నోటినుండి వచ్చినప్పుడు మాత్రము చెంబెడు నీళ్లతో ఆ సంగతి ముగిసిపోవుచున్నది. ఆరోగ్యముగల చిగుళ్లు మెత్తని బ్రష్షు తాకినంతమాత్రమున నెత్తురు కార్చవు. అవి గట్టిగా పంటి నంటుకొని యుండును. రంగు గులాబిగా నుండవలెనని పుస్తకములలో నుండును గాని, మనవారిలో చామనచాయ చిగుళ్లు, నల్లని మచ్చలుగల చిగుళ్లును సహజమే. అందులకు దిగులుపడ నక్కరలేదు. చూడవలసినది రంగు మారుటను, ఉబ్బుటను, నెత్తురును.

పండ్లమీద రేయింబగళ్లు ఒక జిగట పొర చేరుచుండును. దీనినే పాచి యందుము. చూచుటకు పలుచని జిగురేగాని అది లెక్కకు మించిన సూక్ష్మజీవుల కాపురము. దినదినమును తోమి తీసివేసిన బాధలేదు. పంటికిని చిగురుకును నడుమనున్న సన్నని అంచున దానిని విడిచిపెట్టినచో, కొలదిదినములలోనే ఉమ్మిలోని సున్నము చేరి గట్టిపడును. ఇదియే గార. గార యైన పిమ్మట అది బ్రష్షుకు లొంగదు. దాని గరుకువీపుపై క్రొత్త పాచి మరింత సులువుగా అంటుకొనును. శరీరము ఊరకుండునా? అచ్చటికి రక్తమును హెచ్చుగా పంపును. చిగుళ్లు ఉబ్బును, ఎర్రబారును, పంటివైపున నున్న వాని లోపలిపొర పుండుపడును. ఆ పుండును తాకినప్పుడు నెత్తురు వచ్చును. ఇది గ్రహింపవలసిన ముఖ్యవిషయము: పుండును బ్రష్షు చేయలేదు, అది ముందే యున్నది. తోముట మానినచో పాచి హెచ్చును, పుండు పెరుగును, మరునాడు నెత్తురు మరికొంత సులువుగా వచ్చును. మా చెల్లెలు కూతురికి చెప్పిన మందు రోగమును పెంచు మందు.

దీనిని కంటికి కట్టినట్లు చూపినవారు డెన్మార్కు దేశమున ఆర్హుస్ నగరపు దంతవైద్యులు. 1965లో హెరాల్డు లోయ్ అను ఆచార్యుడును ఆయన తోడివారును, మంచి చిగుళ్లుగల 12 మందిని పండ్లు తోముట పూర్తిగా మానుమనిరి. కొందరికి 10 దినములకు, మిగిలినవారికి 21 దినములలోపల, అందరికిని చిగుళ్లు వాచినవి. మరల తోముట మొదలిడిన వారము పదిదినములలో అందరి చిగుళ్లును మునుపటివలె నైనవి. పండ్రెండుగురిలో ఒక్కరైనను తప్పించుకొనలేదు, ఒక్కరైనను బాగుపడకపోలేదు. మొదటి మెట్టున ఈ రోగము ఎంత తేలికగా వచ్చునో అంత తేలికగా పోవునన్నమాట.

రెండవ మెట్టు అట్టిది కాదు. లోపలికి దిగిన మంట పంటిని పట్టియున్న ఎముకను కొంచెము కొంచెముగా కరగించును. చిగురు పంటినుండి విడిపోయి సంచివలె నగును. అందులో చీము చేరును, నోరు వాసన వేయును, పన్ను కదలును. మన పెద్దలు పయోరియా యనుచుండినది ఇదియే. లోయ్ గారి బృందమే 1970 మొదలు 15 ఏండ్లు శ్రీలంక తేయాకు తోటలలోని 480 మంది కూలీలను పరీక్షించుచు వచ్చినది. వారందరును పురుషులు, బ్రష్షుగాని దంతవైద్యముగాని ఎరుగనివారు. వారిలో నూటికి 11 మందికి రోగము చిగుళ్లయొద్దనే నిలిచినది. 81 మందికి మెల్లమెల్లగా ఎముకకు దిగినది. 8 మందికి మాత్రము గబగబ ముదిరి, 45 ఏండ్లు వచ్చునప్పటికి నోట పన్ను మిగులలేదు. ఆ యెనిమిదిమందిలో మనమున్నామో లేమో అద్దము చూచుకొన్న తెలియదు. కరగిన ఎముక చాలవరకు తిరిగి రాదు.

ఇక మా పిన్నమ్మ నెత్తురు దానంతటదే యెట్లు ఆగినది? పండ్లు ఊడినవి గనుక ఆగినది. పన్ను లేనిచోట పంటిసంచి లేదు, పుండు లేదు. ఇల్లు కాలినపిమ్మట నిప్పారినట్లు. నెత్తురు కనబడకపోవుటకు మరియొక కారణము పొగాకు. చుట్టగాని బీడీగాని కాల్చువారిలో చిగుళ్ల రక్తనాళములు ముడుచుకొని నెత్తురు తక్కువగా వచ్చును. లోపల ఎముక మాత్రము మరింత వేగముగా పోవును. విశాఖపట్టణము, శ్రీకాకుళము వైపున నిప్పును నోటిలోనికి పెట్టి చుట్టకాల్చు అడ్డపొగ యను అలవాటు ఆడువారిలోనే హెచ్చు; అది అంగిటికి పుట్టకురుపు తెచ్చునని వైద్యులు ఏనాడో తేల్చిరి. మన దక్షిణపు జిల్లాలలో అది లేదని సంతసింప నక్కరలేదు. పొగాకుతో తాంబూలము వేయువారును, పంటినొప్పికని నశ్యము చిగుళ్లకు రుద్దువారును మాకు తెలిసినవారిలోనే కలరు.

నోటిలో కనబడునది నోటితో నిలిచిపోదని తక్కినవారికన్న నెల్లూరువారికి ఎక్కువగా తెలిసియుండవలెను. మన దేశమున ఫ్లోరోసిసు అను వ్యాధిని 1937లో వైద్యులు మొదట గుర్తించి ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లాయందే. షార్టు, పండిట్, రాఘవాచారి అను మువ్వురి పేర దీనిపై ఆ సంవత్సరము వ్యాసము వెలువడినది. ఇది సముద్రపుటొడ్డు సంగతి కాదు, మెట్టసీమ సంగతి. నాటి జిల్లాలోని ఆ మెట్టభాగములో పొదిలి, కనిగిరి ప్రాంతములు 1970లో ప్రకాశము జిల్లాలోనికి పోయినవి. అచ్చటి పిల్లల పండ్లపై సున్నపుచారలు, పసుపు గోధుమరంగు మచ్చలు ఉండెడివి. ఊరందరికిని ఉండుటచే అది రోగమని యెవరును తలచలేదు. అదే యూళ్లలో నడివయసువారి మెడలు తిరుగక, నడుములు వంగక, కీళ్లు బిగిసిపోవుచుండినవి. బావినీటిలో మితిమీరిన ఫ్లోరైడు ఈ రెంటికిని మూలమని తేలినది. నేడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు పెట్టినది. పసితనమున పండ్లపై కనబడిన మచ్చ పెద్దతనమున ఎముకలకు రాబోవు కష్టమును ముందుగా చెప్పినది. చదువగలవారు లేకపోయిరి.

ఈ మచ్చలవలన చిగుళ్లనుండి నెత్తురు రాదు. ఆ రోగము వేరు, ఇది వేరు. కాని రెండును కలియు చోటొకటి కలదు. పెండ్లిచూపులకు ముందు ఆ మచ్చలు పోగొట్టవలెనని ఇటుకపొడితో, బొగ్గుతో, కచికతో, రాతి ఉప్పుతో పిల్లల పండ్లు అరగదీయు తల్లులను మేము చూచియున్నాము. మచ్చ పంటిపైన అంటినది కాదు, పంటిలోనే పుట్టినది. ఎంత తోమినను పోదు. అరిగిపోవునది చిగురును, పంటి పైపెంకును. గార మాత్రము పైన అంటినది. అది వైద్యుని పనిముట్టుతో వచ్చును.

మా పిన్నమ్మ కథలో ఇంకొక భాగము కలదు. నాలుగేండ్ల క్రిందట ఆమె కాలివ్రేలికి రొయ్యల గుంత గట్టున ఆల్చిప్ప గుచ్చుకొన్నది. పుండు నెలలైనను మానలేదు. తుదకు నెల్లూరు తీసికొనిపోగా మధుమేహము బయటపడినది, వ్రేలు తీసివేయవలసివచ్చినది. "అంతకుముందు ఏమైన బాధ యుండెనా?" అని వైద్యులడిగిన, ఏమియు లేదనిరట. దప్పి హెచ్చుటను, రాత్రి నాలుగుసార్లు లేచుటను వయసు కింద జమకట్టిరి. పండ్లొకటొకటిగా కదలి ఊడుటను జమకట్టనైన లేదు. చిగుళ్ల సంగతి ఎవరడిగిరి? అడిగినను ఆమె చెప్పియుండునా?

మధుమేహమునకును చిగుళ్లకును రాకపోక లిరువైపులను కలవు. రక్తమున చక్కెర హెచ్చినప్పుడు చిగుళ్ల పుండు త్వరగా మానదు, ఎముక త్వరగా కరగును. చిగుళ్లలో మంట రగులుచున్నంతకాలము శరీరమున ఇన్సులిను పని మందగించి చక్కెర లొంగుట కష్టమగును. గార తీయించి చిగుళ్లను బాగుచేసికొన్న మధుమేహరోగులలో మూడు నెలల సగటు చక్కెర కొంత తగ్గుచున్నదని పరీక్షలలో తేలినది. తగ్గుదల కొంచెమే, దానిని నమ్మి మాత్రలు మానరాదు. అయినను ఏ మాత్రయు పెంచకుండ దొరకు లాభమును ఎందుకు విడువవలెను? చిగుళ్లనుండి నెత్తురు కారువారందరికిని మధుమేహమున్నదని మేము చెప్పుటలేదు. 35 ఏండ్లు దాటి, చిగుళ్లు మాటిమాటికి వాచుచు, పండ్లు కదలుచున్నవారు ఒకమారు పరగడుపున రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. 126 గాని అంతకు మించిగాని వచ్చినచో మరల చూపించి రూఢి చేసికొనవలెను. పిన్నమ్మకు ఆ పదేండ్లలో ఏదో యొకనాడు ఈ పరీక్ష జరిగియున్న, కాలివ్రేలు నిలిచియుండునేమో.

గుండెను గూర్చి జాగ్రత్తగా వ్రాయవలసియున్నది. ఇటీవల పత్రికలలో దీనిపై అతిశయోక్తులు హెచ్చినవి. చిగుళ్లరోగమున్నవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనబడుచున్నమాట నిజము. ఒకదానివలననే రెండవది కలుగుచున్నదనిగాని, చిగుళ్లను బాగుచేసిన గుండెపోటు తప్పుననిగాని ఇంతవరకు రుజువు కాలేదు. పొగాకు, మధుమేహము వంటివి రెంటికిని కారణములగుటయు దీనిని చిక్కుపరచుచున్నది. నిశ్చయముగా చెప్పదగిన ప్రమాద మొకటి కలదు. చిన్ననాట కీళ్లవాతపు జ్వరమువలన గుండె కవాటములు చెడినవారికిని, కృత్రిమ కవాటములు పెట్టించుకొన్నవారికిని నోటి సూక్ష్మజీవులు రక్తమున కలిసి ఆ కవాటములపై గూడుకట్టవచ్చును. అది ప్రాణాపాయము. అట్టివారు చిగుళ్లను శుభ్రముగా నుంచుకొనుటయేకాక, దంతవైద్యుడు పనిముట్టు పట్టకముందే తమ గుండె సంగతి చెప్పవలెను.

ఇప్పుడు మన సీమంతపు పిల్లయొద్దకు వత్తము. "కడుపుతో ఉంటే అంతే" అను మాటలో సగము నిజము. గర్భిణులకు హార్మోనుల మార్పుచే చిగుళ్లు అదే పాచికి మునుపటికన్న హెచ్చుగా వాచును. ఇది రెండవనెలలో మొదలై యెనిమిదవ నెలదాక పెరుగును. ఒకప్పుడు రెండు పండ్ల నడుమ ఎర్రని కండకాయ లేచి భయపెట్టును. ప్రసవానంతరము చాలవరకు దానంతటదే తగ్గును. కాని హార్మోనులు పాచి లేనిచోట పుండు పుట్టింపవు. కావున ఈ నెలలలో తోముట హెచ్చింపవలెనే గాని మానరాదు. వేవిళ్లలో వాంతియైన వెంటనే మాత్రము బ్రష్షు పట్టరాదు. కడుపులోని పులుపు పంటిని మెత్తబరచియుండును. ముందు నీళ్లతో పుక్కిలించి అరగంట తాళవలెను.

గర్భిణికి దంతవైద్యము చేయింపరాదని మనవారి భయము. ఇది తగదు. 2006లో అమెరికాలో 823 మంది గర్భిణులలో సగముమందికి నెలలు నిండకముందే చిగుళ్ల చికిత్సచేసి, తక్కినవారికి ప్రసవానంతరము చేసిరి. ముందు చేయించుకొన్న తల్లులకుగాని బిడ్డలకుగాని కీడు కలుగలేదు, చిగుళ్లు బాగుపడినవి. నెలలు తక్కువ కానుపులు తగ్గునేమోయని వారు చూచిరి గాని, అది తగ్గలేదు. చిగుళ్లు చెడ్డ తల్లికి బిడ్డ నెల తక్కువ పుట్టుననుచు కడుపుతో నున్నవారిని బెదరించుట ఈ కారణముచేతనే మాకు ఇష్టము లేదు. తల్లి తన నోటికొరకే చేయించుకొనవచ్చును. బిడ్డకొరకైతేనే ఆడుదానికి వైద్యము, లేకున్న లేదు అను లెక్క యెక్కడిది? నాలుగవనెల మొదలు ఆరవనెలదాక అనుకూలమైన కాలము; నొప్పియు చీమును ఉన్నప్పుడు ఏ నెలయైనను ఆగరాదు.

నెత్తురు వచ్చిన వెంటనే విటమిను మాత్రలు కొని మ్రింగుట మరియొక అలవాటు. దీనికి మూలము పాత ఓడల కథ. నెలలకొలది సముద్రముపై నుండి పండు, ఆకుకూర ఎరుగని నావికులకు చిగుళ్లు ఉబ్బి, కుళ్లి, నెత్తురు కారి, తుదకు ప్రాణము పోవుచుండెడిది. 1747లో సాలిస్‌బరీ యను ఓడపై జేమ్సు లిండు అను వైద్యుడు 12 మంది రోగులను ఆరు జతలుగా విడదీసి యొక్కొక్క జతకు ఒక్కొక్క మందిచ్చెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న జతయే ఆరు దినములలో లేచినది. అది సి విటమిను లోపము. గూడూరు నిమ్మకాయ లారీలకెక్కి దేశమంతయు తిరుగుచుండ, పెరట జామయు ఉసిరియు కాయుచుండ, పప్పులో నిమ్మరసము పిండుకొను మన యిండ్లలో ఆ రోగము అరుదు. పండ్లు కొరుకలేని ముసలివారిలోను, పథ్యములపేర అన్నీ మానినవారిలోను మాత్రము అనుమానింపవచ్చును. తక్కినవారికి ఎన్ని మాత్రలు మ్రింగినను గార కరగదు.

కొన్నియెడల చిగుళ్ల తప్పేమియు లేకయే నెత్తురు వచ్చును. ఇది తప్పక గుర్తుంచుకొనవలసినది. మన తీరమున ఆశ్వయుజ కార్తికములలో వానలు పట్టి దోమలు పెరిగినపుడు, జ్వరముతోకూడ చిగుళ్లనుండి నెత్తురు వచ్చినచో డెంగీ కావచ్చును. రేపటివరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. ఆ జ్వరమునకు ఆస్పిరిను, ఐబుప్రొఫెను వంటి నొప్పిమాత్రలు ఇంట వేయరాదు. తోముకొన్నను తోముకొనకున్నను ఆగక కారుచు, ఒంటిపై దెబ్బతగులని నల్లమచ్చలు, విడువని నీరసము ఉన్నచో రక్తమునకే సంబంధించిన జబ్బేమోయని పరీక్ష చేయింపవలెను. గుండెజబ్బువారు వాడు రక్తము పలుచబరచు మాత్రలు, మూర్ఛకు వాడు ఫెనిటాయిను, రక్తపుపోటుకు వాడు ఆమ్లోడిపిను కొందరికి చిగుళ్లపై పనిచేయును. మొదటివి నెత్తురు హెచ్చించును, తక్కినవి చిగుళ్లను దళసరిగా పెంచును. మాత్రను సొంతముగా మానక, ఇచ్చిన వైద్యునికే చెప్పవలెను.

ఇక చేయవలసినది. మెత్తని కుచ్చుగల బ్రష్షు తీసికొనుడు. కుచ్చును పంటిపై నిలువుగాకాక, పంటికిని చిగురుకును నడుమనున్న అంచునకు వాలుగానుంచి, చిన్నచిన్న కదలికలతో రెండు నిమిషములు తోముడు. ఉదయముకన్న రాత్రి ముఖ్యము. నిద్రలో ఉమ్మి తగ్గును, పాచికి అదను. అంట్లు తోమినంత బలముతో పండ్లు తోమరాదు. వేపపుల్ల మంచిదే. దానిని బాగుగ నమలి మెత్తని కుచ్చుచేసి వాడినవారు ఎందరో మంచి పండ్లతో ముసలివారైరి. కొరకొరలాడు పుల్లతో అడ్డముగా రుద్దినవారి చిగుళ్లు మాత్రము పైకి తొలగి వేళ్లు బయటపడియుండును. పుల్ల పండ్ల సందులకు పోదని కూడ తెలియవలెను. సందులకు పంటిదారము కలదు, సన్నని సందుబ్రష్షులు కలవు. మన ఆడువారి సందుబ్రష్షు ఏదియో మాకు తెలియును: గాజులకో పసుపుత్రాటికో వ్రేలాడు పిన్నీసు! చేపల పులుసు తిన్న మధ్యాహ్నము ముల్లు తీయుటకు దానిని విప్పనివారు మన తీరమున తక్కువ. ఆ పిన్నీసును జాకెట్టుకు విడిచి, చిగుళ్లను కాపాడుకొనుడు.

గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించిన వాపు నొప్పి కొంత తగ్గును. ఆ తగ్గుదలయే మోసము, గార అట్లేయుండును. రెండు వారములు శుభ్రముగా తోమినను నెత్తురు ఆగనిచో లోపల గార యున్నదనియే యెంచి దానిని తీయించుకొనవలెను. దంతవైద్యులు స్కేలింగు అందురు. ప్రభుత్వపు పెద్దాసుపత్రులలోను, దంతవైద్య కళాశాలలలోను తక్కువ ఖర్చుతో చేయుదురు. గార తీసిన పండ్లు వదులగునని ఊరూర చెప్పుకొందురు. పాతగోడలో మొలచిన రావిమొక్కను చూచినారా? వేళ్లు ఇటుకలను పట్టుకొనియున్నట్లే కనబడును, పెరికినప్పుడు గోడ కదలును. గోడను చెరచినది పెరికిన చేయి కాదు. ముదిరిన గార తీసినపిమ్మట కొన్నాళ్లు పండ్లు జివ్వుమనుట, సందులు కనబడుట సహజము. పైపండ్లు తీసిన కండ్లు పోవుననుటయు ఇట్టి మాటయే. పంటికిని కంటిచూపునకును అట్టి సంబంధము లేదు.

ఇంత వ్రాసినను ఒక సంగతి మమ్ము విడువదు. ఆ యింట మనుమని పాలపన్ను నల్లబడిన నెల్లూరు తీసికొనిపోయిరి. అల్లునికి పన్ను నొప్పియన్న ఆనాడే మోటారుసైకిలు కదలినది. పిన్నమ్మ నోటికి, చెల్లెలి నోటికి ఆ ప్రయాణము ఏనాడును కలుగలేదు. మేము చెల్లెలి నోరు చూతమంటిమి. ఆమె కొంగు అడ్డము పెట్టుకొని, "నాకేందక్కా, నేను గట్టిగానే ఉండా" అనినది. కొంచెము బ్రతిమాలగా చూపినది. క్రిందివరుస ముందుపండ్ల వెనుక గార గోడవలె నిలిచియున్నది. తాను ఎన్నాళ్లనుండియో పప్పునీళ్ల వంటి మెత్తని పదార్థమే కుడివైపున నమలుచున్నానని అప్పుడు చెప్పినది. కూతురిని తోమవద్దనినది తన అనుభవముననే!

ఈ పుట అచ్చునకు పోవు దినములలో ఆ పిల్ల ఫోను చేసినది. మేము వచ్చిన వారమునకు భర్తతో నెల్లూరు వెళ్లి రెండు దఫాలుగా గార తీయించుకొన్నదట. పదవనాటికి నురుగు తెల్లగా వచ్చినదట. తల్లిని అమ్మమ్మను కూడ కారులో ఎక్కించుకొనిపోయినది. తల్లికి రెండు పండ్లు తీయవలసియున్నవి, తక్కినవి నిలుపవచ్చుననిరట. పిన్నమ్మ కట్టుడుపండ్ల సంగతి విచారించి, "అవి పెట్టించుకుంటే సంక్రాంతికి అరిసెలు కొరకొచ్చా నాయనా?" అని ఆ వైద్యుని అడిగినదట. ఆయన నవ్వి, ముందు చక్కెర పరీక్ష కాగితము తెమ్మనెనట.